‘సంపూర్ణ వేదన’: సిసిలీ సాండర్స్ ఉపశమన వైద్యంలో రోగి మాట – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

నయం కాని వ్యాధితో ఉన్నవారికి నొప్పి నుండి, దానితో ముడిపడిన ఇతర బాధల నుండి ఊరట కలిగించే వైద్యాన్ని ఉపశమన చికిత్స లేదా పాలియేటివ్ కేర్ అంటారు. దీనికి ఆధునిక రూపాన్ని ఇచ్చినవారిలో ముఖ్యురాలు బ్రిటిష్ వైద్యురాలు సిసిలీ సాండర్స్ (1918–2005). ఆమె ప్రతిపాదించిన ‘సంపూర్ణ వేదన’ అనే భావన రోగుల మాటలను ఓపికగా విని, నమోదు చేసి, వ్యాఖ్యానించడం ద్వారా ఏర్పడింది. శరీరం, మనసు, సమాజం, ఆధ్యాత్మికత అనే నాలుగు అంగాలుగా విభజింపబడిన ఈ భావన, తనకు మూలమైన రోగి మాటలోని ఒక అంశాన్ని పేరు పెట్టకుండా వదిలివేసింది. అది వైద్య వ్యవస్థే కలిగించే బాధ. భారతదేశంలో మార్ఫిన్ చరిత్ర ఈ లోపాన్ని స్పష్టపరుస్తుంది. ఈ అంశాన్ని నిరూపించడం, తెలుగులోని బాధావాచకాల వెలుగులో ఈ భావనను పునఃపరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: ఉపశమన చికిత్స, సిసిలీ సాండర్స్, సంపూర్ణ వేదన, హాస్పిస్, మార్ఫిన్, రోగి కథనం, బాధావాచకాలు.

1. ఉపోద్ఘాతం

జ్వరాన్ని కొలవడానికి పరికరం ఉంది. రక్తపోటును కొలవడానికి పరికరం ఉంది. నొప్పిని కొలవడానికి అటువంటి పరికరం లేదు. నొప్పి ఎంత ఉందో, ఎలా ఉందో రోగి చెప్పాలి, వైద్యుడు వినాలి. మాట్లాడలేని రోగి విషయంలో ముఖకవళికలను, మూలుగును, కదలికను చదవాలి. అంటే నొప్పి వైద్యానికి చేరేది భాష ద్వారా, సంకేతాల ద్వారా మాత్రమే. రోగి మాటకు అర్థం చెప్పడం వైద్యుని పని అయినప్పుడు, ఆ అర్థం చెప్పే పద్ధతిని పరిశీలించడం విమర్శకు తగిన పనే అవుతుంది.

సాండర్స్ కృషిని సేవాభావానికి నిదర్శనంగా కొనియాడిన రచనలు చాలా ఉన్నాయి. ఆమె సేవ గొప్పది అనడంలో సందేహం లేదు. అయితే ప్రశంస వద్ద ఆగిపోతే ఆమె చేసిన మేధాపరమైన పని మరుగున పడుతుంది. ఆమె రోగి మాటను ఆధారంగా స్వీకరించి ఒక భావనను నిర్మించింది. ఆ నిర్మాణంలో ఏది నిలిచింది, ఏది జారిపోయింది అన్నది ఇక్కడ పరిశీలనాంశం.

2. మూడు వృత్తుల అనుభవం

సాండర్స్ ఆక్స్‌ఫర్డ్‌లో చదువుతూ, రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఆ చదువును ఆపి లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సుగా శిక్షణ పొందింది. వెన్నునొప్పి కారణంగా నర్సు వృత్తిని కొనసాగించలేక, ఆసుపత్రులలో రోగుల కుటుంబ, ఆర్థిక సమస్యలను చూసే సామాజిక కార్యకర్తగా మారింది. ఆ పనిలో ఉండగా ఆమెకు డేవిడ్ టాస్మా పరిచయమయ్యాడు. అతడు పోలండ్ నుండి వచ్చిన యూదు శరణార్థి. శస్త్రచికిత్సకు లొంగని క్యాన్సర్‌తో, బంధువర్గం దగ్గర లేని స్థితిలో ఉన్నాడు. తనలాంటి వారికోసం ఎలాంటి చోటు ఉంటే బాగుంటుందని ఇద్దరూ మాట్లాడుకునేవారు. 1948లో మరణిస్తూ అతడు ఆమెకు 500 పౌండ్లు వదిలివెళ్ళాడు. ఆమె కట్టబోయే ఇంటిలో తాను ఒక కిటికీగా ఉంటానన్నది అతని కోరిక.

మరొక సందర్భంలో తనకు ఊరట కలిగించే మాటలు చెప్పమని అతడు అడిగాడు. ఆమె కంఠస్థమైన ప్రార్థనలు వినిపించి, ఇంకా ఏదైనా చదివి వినిపించమంటారా అని అడిగితే, అతడు పుస్తకంలో ఉన్నదాన్ని వద్దని, ఆమె బుద్ధిలోను హృదయంలోను ఉన్నదే కావాలన్నాడు. సాండర్స్ ఈ మాటను తన జీవితమంతా వ్యాఖ్యానిస్తూ వచ్చింది. బుద్ధి అంటే శాస్త్రీయ పరిశోధన, హృదయం అంటే మనిషికి మనిషి ఇచ్చే తోడు అని ఆమె గ్రహించింది. ఈ రెండింటిలో ఏ ఒక్కటీ రెండవదానికి బదులు కాదు అన్నదే ఆమె వైద్య దృష్టికి పునాది.

మరణాసన్నులను వదిలివేసేది వైద్యులే కనుక వైద్యమే చదవమని నార్మన్ బారెట్ అనే శస్త్రవైద్యుడు సలహా ఇవ్వగా, ఆమె ముప్ఫై మూడేళ్ళ వయసులో వైద్య విద్యలో చేరి 1957లో పట్టా పొందింది. 1958 నుండి తూర్పు లండన్‌లో క్రైస్తవ సన్యాసినులు నడిపే సెయింట్ జోసెఫ్ హాస్పిస్‌లో పరిశోధన సాగించింది. 1967లో సెయింట్ క్రిస్టఫర్ హాస్పిస్‌ను ప్రారంభించింది. 1969 నాటికి అక్కడి నుండి రోగుల ఇళ్ళకు వెళ్ళి సేవలందించే పద్ధతి కూడా మొదలైంది. నర్సు, సామాజిక కార్యకర్త, వైద్యురాలు అనే మూడు వృత్తులు ఒకే వ్యక్తిలో కలవడం వల్ల, రోగి పడక పక్కన ఆమెకు వినిపించినది కేవలం వైద్యుని చెవికి అందే దానికంటే విస్తృతమైనది.

3. నమోదు, గడియారం, మార్ఫిన్

సెయింట్ జోసెఫ్ హాస్పిస్‌లో సాండర్స్ ప్రవేశపెట్టిన మార్పులు రెండు. మొదటిది నమోదు. ప్రతి రోగి నొప్పి, దానికి ఇచ్చిన మందు, ఫలితం క్రమపద్ధతిలో రాయడం, రోగుల సంభాషణలను టేపు రికార్డరుపై భద్రపరచడం ఆమె అలవాటు. ఇలా ఏళ్ళ తరబడి వందలాది రోగుల వివరాలు సమకూరాయి. రెండవది మందును వేళకు ఇవ్వడం. ఆ కాలంలో చాలా ఆసుపత్రులలో రోగి నొప్పి భరించలేక అడిగినప్పుడు మాత్రమే మార్ఫిన్ వంటి మందులు ఇచ్చేవారు. అలవాటు పడిపోతారన్న భయం ఇందుకు కారణం. సాండర్స్ దీనిని తలకిందులు చేసి, నొప్పి తిరగబెట్టకముందే నాలుగు గంటలకొకసారి నోటి ద్వారా మందు ఇచ్చే పద్ధతిని అమలు చేసింది. ఇలా ఇచ్చినప్పుడు రోగులు మత్తులో మునిగిపోకుండా మాట్లాడగలరని, మోతాదు అదేపనిగా పెంచవలసిన అవసరం రాదని ఆమె నమోదులు చూపించాయి. 1986లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ నొప్పికి సూచించిన మూడు మెట్ల విధానంలోనూ నోటి ద్వారా, వేళ ప్రకారం అన్న సూత్రాలు కనిపిస్తాయి.

ఈ రెండు మార్పుల మధ్య సంబంధాన్ని విమర్శకులు తగినంతగా గుర్తించలేదు. తీవ్రమైన నొప్పిలో ఉన్న మనిషి మాట్లాడలేడు. అరుస్తాడు, మూలుగుతాడు, లేదా మౌనంగా గోడవైపు తిరుగుతాడు. నొప్పి అదుపులోకి వచ్చాకే తన గురించి, తనవారి గురించి, తన భయాల గురించి చెప్పగలుగుతాడు. కాబట్టి మార్ఫిన్ ఇక్కడ నొప్పి తగ్గించే మందుగానే కాక రోగికి మాట తిరిగి ఇచ్చే సాధనంగా కూడా పనిచేసింది. మందు అందించకుండా ‘మీ బాధ చెప్పండి, వింటాను’ అనడం దయ కాదు. ఉపశమన చికిత్సను మంచిమాటల వైద్యంగా భావించేవారు ఈ అంశాన్ని తప్పక గమనించాలి.

4. ఒక జవాబు – నాలుగు అంగాలు

1964 ప్రాంతంలో సాండర్స్ ‘సంపూర్ణ వేదన’ భావనను ప్రకటించింది. దీనికి ఆధారంగా ఆమె ఒక రోగిణి ఇచ్చిన జవాబును పేర్కొన్నది. నొప్పి గురించి చెప్పమని అడిగితే ఆ రోగిణి, అది వెన్నులో మొదలైందని, ఇప్పుడు మాత్రం తాను మొత్తంగా బాగులేనట్టు అనిపిస్తున్నదని చెప్పింది. తరువాత వరుసగా ఇతర విషయాలు చెప్పుకొచ్చింది. భర్త, కొడుకు ఎంతో మంచివారే అయినా తనకోసం పని మానుకుంటే వారి సంపాదన పోతుందన్నది ఒకటి. అడగకూడదని తెలిసినా మాత్రల కోసం, సూదిమందు కోసం ఏడుపు వచ్చేదన్నది రెండవది. అన్నీ తనకు వ్యతిరేకంగా ఉన్నట్టు, ఎవరికీ తన స్థితి అర్థం కానట్టు తోచిందన్నది మూడవది. చివరగా, ఇప్పుడు తిరిగి భద్రంగా ఉన్నట్టు అనిపిస్తున్నదని సంతోషాన్ని వ్యక్తపరచింది.

ఈ జవాబు నుండి సాండర్స్ నాలుగు అంగాలను గ్రహించింది. వెన్నునొప్పి శారీరకం, ఏడుపు, దిగులు మానసికం, కుటుంబ సంపాదనపై ఆందోళన సామాజికం, భద్రత కోసం, అర్థం కోసం పడే తపన ఆధ్యాత్మికం. ఈ విభజన వైద్యరంగంలో గొప్ప మార్పు తెచ్చింది. వెన్నులోని కణితిని మాత్రమే చూసే దృష్టికి బదులు, ఆ వెన్ను ఎవరిదో చూడవలసిన అవసరాన్ని అది వైద్యశాస్త్ర పరిభాషలోనే చెప్పింది. నర్సు, సామాజిక కార్యకర్త, మతగురువు, వైద్యుడు కలిసి ఒక బృందంగా పనిచేయడానికి ఆధారం కూడా ఇదే.

అయితే ఆ జవాబును మరొకసారి పరిశీలిస్తే ఒక విషయం బయటపడుతుంది. మందు కోసం ఏడుపు రావడాన్ని మానసిక బాధగా వర్గీకరించడం సులభం. కానీ ‘అడగకూడదని తెలిసినా’ అన్న భావం ఎక్కడి నుండి వచ్చింది? మందు అడగడం తప్పు అని ఆమెకు ఎవరు నేర్పారు? నొప్పి తిరగబెట్టి, రోగి బతిమాలుకుంటే తప్ప మందు ఇవ్వని పద్ధతే నేర్పింది. ఆ సిగ్గు వ్యాధి నుండి పుట్టలేదు. ఆమె స్వభావం నుండీ పుట్టలేదు. వైద్య వ్యవస్థ నుండి పుట్టింది. నాలుగు అంగాలలో దీనికి ప్రత్యేక స్థానం లేదు. సాండర్స్ దీనిని గుర్తించలేదని చెప్పడం న్యాయం కాదు. వేళకు మందు ఇవ్వడమనే ఆమె ఆచరణ సరిగ్గా ఈ బాధకే సమాధానం. అయినా ఆచరణలో పరిష్కరించినదానికి భావనలో పేరు పెట్టలేదు. పేరు లేనిది తరువాతి తరాల పాఠ్యపుస్తకాలలోకి చేరదు.

5. వినడంలోని అధికారం

సాండర్స్ ఉత్తరాలను సంకలనం చేసిన సామాజిక శాస్త్రవేత్త డేవిడ్ క్లార్క్, 1999లో ప్రచురించిన వ్యాసంలో ‘సంపూర్ణ వేదన’ను మరొక కోణంలో ప్రశ్నించాడు. ఈ భావన రోగి జీవితాన్ని సమగ్రంగా చూడడానికి దారి తీసినా, అంతవరకు వైద్యానికి అందని మనసు, కుటుంబం, విశ్వాసం వంటి ప్రాంతాలను కూడా వైద్యుని చూపు కిందికి తెచ్చిందన్నది అతని వాదంలోని ముఖ్యాంశం. పూర్వం శరీరాన్ని మాత్రమే పరీక్షించిన వైద్యం ఇప్పుడు ఆత్మను కూడా పరీక్షిస్తుంది.

ఈ విమర్శలో బలం ఉంది. చెప్పుకోవడం ఇష్టం లేని రోగిని కూడా ‘మనసులో ఉన్నది చెప్పండి’ అని పదే పదే అడగడం ఒక రకమైన బలవంతమే. శాంతంగా, అందరితో సయోధ్యతో కన్నుమూయడమే మంచి మరణం అన్న ఆదర్శం, కోపంతోనో భయంతోనో పోయే మనిషిని విఫలుడిగా చూపే ప్రమాదం ఉంది. అయినా క్లార్క్ విమర్శను యథాతథంగా స్వీకరించడం కష్టం. వైద్యుని చూపు ఎక్కువ కావడం ఒక సమస్య అయితే, వైద్యుడు అసలు చూడకపోవడం అంతకంటే పెద్ద సమస్య. సాండర్స్ వైద్య విద్యలో చేరినది ఈ రెండవ సమస్య కారణంగానే. ఆమె సత్యకథనం విషయంలో తీసుకున్న వైఖరి కూడా ఇక్కడ గమనార్హం. రోగికి ఏం చెప్పాలి అన్నది కాక, రోగిని ఏం చెప్పనిస్తున్నాం అన్నదే అసలు ప్రశ్న అని ఆమె భావించింది. ఇందులో మౌనంగా ఉండే స్వేచ్ఛ కూడా రోగిదే.

6. భారతీయ అనుభవం: చట్టం కలిగించిన బాధ

నాలుగు అంగాలలో పేరు దక్కని ఆ బాధ భారతదేశంలో ఎంత పెద్దదో మార్ఫిన్ చరిత్ర చెబుతుంది. నల్లమందు సాగుచేసి ఎగుమతి చేసే ఈ దేశంలో, 1985లో వచ్చిన మాదకద్రవ్యాల నియంత్రణ చట్టం తరువాత వైద్యానికి వాడే మార్ఫిన్ పరిమాణం వేగంగా తగ్గి, 1997 నాటికి దేశం మొత్తం మీద 18 కిలోలకు చేరింది. రాష్ట్రానికొక తీరున ఉన్న నిబంధనలు, ఒకేసారి అనేక అనుమతి పత్రాలు పొందవలసి రావడం, చిన్న పొరపాటుకు కూడా కఠినశిక్ష పడుతుందన్న భయం కలిసి ఆసుపత్రులను ఈ మందుకు దూరం చేశాయి. వ్యాధి తెచ్చిన నొప్పికి మందు తెలుసు; అది ఖరీదైనదీ కాదు; అయినా రోగికి అందలేదు. ఈ బాధను శారీరకమనో సామాజికమనో అంటే దానికి కారకులు కనిపించకుండా పోతారు.

కేరళకు చెందిన మత్తువైద్య నిపుణుడు డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ కృషికి ఈ నేపథ్యంలో ప్రత్యేకత ఉంది. 1993లో కాలికట్ వైద్య కళాశాలలో సహచరులతో కలిసి ఆయన ఉపశమన చికిత్సా కేంద్రాన్ని ప్రారంభించాడు. 2003లో తిరువనంతపురం కేంద్రంగా పాలియం ఇండియా సంస్థ ఏర్పడింది. రోగి పడక పక్కన చేసే పనితో పాటు నిబంధనల మార్పు కోసం అధికారుల వద్దకు తిరగడాన్ని కూడా ఆయన వైద్యంలో భాగంగానే చూశాడు. 2008లో కేరళ ప్రభుత్వం ఉపశమన చికిత్సా విధానాన్ని ప్రకటించింది. 2014లో పార్లమెంటు 1985 నాటి చట్టాన్ని సవరించి, వైద్యావసరమైన మాదక ఔషధాలకు దేశమంతటా ఒకే తీరు నిబంధనలు ఏర్పరచింది.

సాండర్స్ గడియారంతో పరిష్కరించిన సమస్యను రాజగోపాల్ చట్టంతో పరిష్కరించవలసి వచ్చింది. ఇద్దరూ ఎదుర్కొన్నది మాత్రం ఒకటే: మందు ఉండీ రోగి చేతికి రాకపోవడం. ఈ స్థితి ఒక్క దేశానిది కాదు. 2017 నాటి లాన్సెట్ కమిషన్ నివేదిక ప్రకారం ప్రపంచంలో ఏటా పంపిణీ అయ్యే మార్ఫిన్ తరహా ఔషధాలు 298.5 టన్నులు కాగా, అందులో అత్యల్పాదాయ దేశాలకు చేరేది 0.1 టన్ను మాత్రమే. కాబట్టి సంపూర్ణ వేదనకు ‘వ్యవస్థాజనితం’ అనే ఐదవ అంగాన్ని చేర్చడం సమంజసం. ఇది సాండర్స్ భావనకు పై నుండి అతికించేది కాదు. ఆమె ఆధారంగా తీసుకున్న రోగిణి మాటలోనే ఉన్నది.

7. తెలుగులో బాధ

‘టోటల్ పెయిన్’కు తెలుగులో ఏ మాట తగినది అన్న ప్రశ్న అనువాద సమస్యగా కనిపించినా, నిజానికి అది వైద్య సమస్య కూడా. తెలుగువారు నొప్పి రకాన్ని సూక్ష్మంగా వేరుచేసి చెబుతారు. కురుపు సలుపుతుంది. తల పోటు పెడుతుంది. కాళ్ళు పీకుతాయి, లాగుతాయి. ఒళ్ళు తీపులు పెడుతుంది. నడుము కలుక్కుమంటుంది. కడుపులో మెలిపెడుతుంది. అరికాళ్ళు తిమ్మిరెక్కి మంటలు పుడతాయి. ఇవి అలంకారాలు కావు. మంట, తిమ్మిరి, సూదులు గుచ్చినట్టు ఉండటం నరాలకు సంబంధించిన నొప్పిని సూచించే మాటలు. ఆ నొప్పికి ఇచ్చే మందులు వేరు. ‘నొప్పి పదింటిలో ఎంత?’ అన్న అంకెల ప్రశ్న తీవ్రతను తెలుపుతుంది కాని ఈ భేదాన్ని తెలుపదు.

మరొకవైపు తెలుగు శరీరానికీ మనసుకూ మధ్య గట్టి గోడ కట్టలేదు. ‘నొచ్చు’ అనే క్రియ నుండి వచ్చే నొప్పి శరీరానిది, నొచ్చుకోవడం మనసుది, నొప్పించడం మరొకరి మాట వల్ల జరిగేది. ‘వేదన’ మూలంలో ఎరుకను, అనుభూతిని సూచించే సంస్కృత పదం. తెలుగులో దుఃఖానుభవానికి పరిమితమైంది. ‘బాధ’ పరిధి ఇంకా విశాలం. పంటిబాధ, కడుపుబాధ అన్నట్టే అప్పులబాధ, ఇంటిబాధ అనీ అంటారు. ఆఫీసుల చుట్టూ తిప్పించుకుంటే ‘బాధలు పెడుతున్నారు’ అంటారు. వ్యవస్థ కలిగించేది కూడా ‘బాధ’ పరిధిలోనే ఉంది. అందుచేత పరిభాషగా ‘సంపూర్ణ వేదన’ ఉపయోగపడినా, రోగి పక్కన కూర్చున్నప్పుడు ‘నొప్పి ఎక్కడ?’ అన్న ప్రశ్న తరువాత ‘ఇంకేం బాధగా ఉంది?’ అన్న ప్రశ్న ఎక్కువ పనిచేస్తుంది.

తెలంగాణలో ఒంట్లో నలతగా ఉంటే ‘పానం బాగలేదు’ అంటారు. ఈ వాక్యంలో అవయవం పేరు లేదు, బాగులేనిది ప్రాణమే. వెన్నులో మొదలై తాను మొత్తంగా బాగులేనట్టు ఉందన్న లండన్ రోగిణి మాటకు దీనికంటే దగ్గరి తెలుగు దొరకడం కష్టం. అయితే నిత్యవ్యవహారంలో ఈ వాక్యం జ్వరానికీ వాడతారు కనుక, వైద్యుడు దానిని మొదటి మాటగా తీసుకొని తరువాత ఏమిటని అడగాలి. అలాగే ‘ఏ జన్మలో ఏం పాపం చేశానో’ అన్న మాటను మతవిశ్వాస ప్రకటనగా మాత్రమే తీసుకోరాదు. ‘నాకే ఎందుకు’ అన్న ప్రశ్నను తెలుగువారు అడిగే తీరు అది. దానికి వైద్యుడు సిద్ధాంతం చెప్పనక్కరలేదు, ఖండించనూ అక్కరలేదు. విన్నానని తెలియజేస్తే చాలు. క్రైస్తవ విశ్వాస నేపథ్యంలో రూపొందిన సాండర్స్ ఆధ్యాత్మికాంగాన్ని తెలుగు నేలపై ఇలా అన్వయించుకోవలసి ఉంటుంది.

తెలుగు కుటుంబాలలో తరచుగా వినిపించే మరొక వాక్యం ‘ఆయనకు చెప్పకండి డాక్టరుగారూ’. ఇది ప్రేమతో అనే మాట. కాని పిల్లలు బాధపడతారని తండ్రి, తండ్రి బెంగపెట్టుకుంటాడని పిల్లలు దాచుకుంటే, ఇద్దరికీ తెలిసిన విషయం ఇద్దరి మధ్యా మాట్లాడరాని విషయమవుతుంది. పొలం పత్రాలు, కూతురి పెళ్ళి, చివరి రోజులు ఎక్కడ గడపాలన్న కోరిక చెప్పకుండానే మిగిలిపోతాయి. రోగిని ఏం చెప్పనిస్తున్నాం అన్న సాండర్స్ ప్రశ్న ఇక్కడ కుటుంబానికి కూడా వర్తిస్తుంది. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి వంటి చోట్ల ఉపశమన చికిత్స తెలుగులోనే సాగుతోంది. ఆ సంభాషణలలోని పదాలను సేకరించి వర్గీకరించడం, రోగుల గోప్యతకు భంగం కలగకుండా జరిగితే, వైద్యానికి, భాషాశాస్త్రానికి సమానంగా ఉపకరిస్తుంది.

8. ముగింపు

- సిసిలీ సాండర్స్ ‘సంపూర్ణ వేదన’ రోగి మాటను వైద్యాధారంగా స్వీకరించడం ద్వారా ఏర్పడిన భావన. వేళకు ఇచ్చిన మార్ఫిన్ ఆ మాటకు అవకాశం కల్పించింది.
- నాలుగు అంగాల విభజన వైద్య దృష్టిని విస్తరించింది. కాని మూలమైన జవాబులో ఉన్న ‘మందు అడగరాదన్న సిగ్గు’ అందులో పేరు లేకుండా ఉండిపోయింది.
- భారతదేశంలో 1985 తరువాతి మార్ఫిన్ కొరత ఆ అంశాన్ని ‘వ్యవస్థాజనితం’ అనే ఐదవ అంగంగా గుర్తించవలసిన అవసరాన్ని చూపుతుంది.
- వినడం అధికారంగా మారే ప్రమాదం ఉందన్న క్లార్క్ హెచ్చరిక విలువైనదే. రోగి మౌనాన్ని కూడా గౌరవించడమే దానికి తగిన జాగ్రత్త.
- తెలుగులోని నొప్పి పదాలు చికిత్సకు తోడ్పడే సమాచారాన్ని ఇస్తాయి. ‘బాధ’ అనే పదం ఐదు అంగాలనూ తనలో ఇముడ్చుకుంటుంది. ఉపశమన చికిత్సలో పనిచేసే వైద్యులకు, నర్సులకు తెలుగులో ఇచ్చే శిక్షణ ఈ పదసంపద నుండి మొదలుకావడం అవసరం.